పురిటి గదిలో కుంపటి

గుంటూరు వాళ్ళకి చలేమిటి అని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. మిరప చేల మీద మంచు దిగి, పొద్దెక్కినా ఎదుటి ఇంటి కప్పు కనిపించని రోజుల్లో, మట్టిగోడల ఇంట్లో పసిబిడ్డను పక్కలో వేసుకుని పడుకున్నవాళ్ళను అడగాలి చలి సంగతి. నేను అలా పడుకున్నదాన్నే. కాకపోతే నాకు ఇప్పటికీ వణుకు పుట్టించేది ఆ చలి కాదు, దానికి మా ఇంట్లో చేసిన వైద్యం.

అరవైల మొదట్లో మాట. తొలి కాన్పుకని చిలకలూరిపేట దగ్గర ఉన్న మా పుట్టింటికి వచ్చాను. మా నాన్న దూదేకులాయన. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పరుపులూ బొంతలూ చేసిపెట్టేవాడు. చలికాలం వస్తే ఆయనకు తిండి తినే తీరిక ఉండేది కాదు. ఊరందరినీ వెచ్చగా పడుకోబెట్టిన మనిషి ఇంట్లో మాత్రం పాత చీరలు కలిపి కుట్టిన బొంత ఒక్కటే ఉండేది. అది నాకూ బిడ్డకూ ఇచ్చి, అమ్మ గోనెపట్టా కప్పుకుని గుమ్మం అవతల పడుకునేది.

అమ్మకు చలి అంటే మామూలు భయం కాదు. నాకంటే ముందు ఆమెకు ఒక మగపిల్లాడు పుట్టి, తొమ్మిదో రోజున శీతం కొట్టి పోయాడు. ఆ బిడ్డ ఊసు ఎప్పుడూ ఎత్తేది కాదు గానీ, నాకు ఆడపిల్ల పుట్టిన గంట నుంచీ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నా తలకు గుడ్డ బిగించి, చెవుల్లో దూది కూరి, కాలు గడప దాటనివ్వకుండా కాపలా కాసింది. ఆ తొమ్మిదో రోజు గడిస్తే గండం గడిచినట్టేనని ఆమె లెక్క.

మా ఇంట్లో పద్ధతి ప్రకారం పురిటి గదిలోకి మగవాళ్ళు రాకూడదు. బిడ్డను గుమ్మం దాకా తెచ్చి చూపిస్తే, నాన్న అవతల నిలబడే దాని చెవిలో బాంగు, అదే నమాజు పిలుపు, చెప్పాడు. తరవాత మళ్ళీ దగ్గరగా చూడలేదు. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ. చూరుకూ గోడకూ మధ్య మాత్రం జానెడు సందు. మొదటి రోజుల్లో కుంపటి గడప బయటే ఉండేది, సందులోంచి చలిగాలి వస్తూ ఉండేది, నేను పళ్ళు బిగబట్టుకుని పడుకునేదాన్ని.

ఏడో రోజు రాత్రి చలి బాగా ముదిరింది. తెల్లవారి అమ్మ ముఖం చూస్తే నాకే భయమేసింది. రాత్రంతా బిడ్డ అరికాళ్ళు తన అరచేతుల్లో పెట్టుకుని కూర్చుందట.

"ఏమయ్యా, ఊరందరికీ దూది ఏకుతావు, నీ మనవరాలికి ఈ సందులన్నా మూయలేవా?" అంది.

ఆ మాట నాన్నకు బాగా తగిలింది. జిన్నింగు మిల్లులో చౌకగా అమ్మే చెత్త దూది బస్తా ఒకటి ఇంట్లో ఉంది. బయట నిచ్చెన వేసుకుని, చూరు సందు పొడుగునా ఆ దూది కుక్కాడు. కిటికీకి కూడా దూది మందంగా పెట్టి గోనె బిగించాడు. లోపలి నుంచి అమ్మ దాని మీద పేడమట్టి మెత్తింది. తలుపు కింద పాతగుడ్డ చుట్టి పెట్టింది.

"ఇక చీమ కూడా దూరదు" అన్నాడు నాన్న బయటి నుంచి. ఆ గొంతులో ఎంత గర్వమో. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తుమ్మబొగ్గులు వాకిట్లోనే రాజేసి, పొగంతా పోయి నిప్పు మీద నివురు కమ్మాక, అమ్మ కుంపటి తెచ్చి నా మంచం పక్కనే పెట్టింది. పొగ ఉంటేనే భయం, పొగ లేని నిప్పు బిడ్డ తల్లికి తోడు అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి నా వేళ్ళు చివరిదాకా వెచ్చబడ్డాయి. బిడ్డ గుప్పిట విప్పింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కాసేపటికి తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర ఎవరో తాడు బిగిస్తున్నట్టుంది. అమ్మతో చెబితే, చెవుల్లో దూది సరిగా లేక గాలి దూరి ఉంటుందని ఇంకాస్త కూరింది. అప్పుడే పక్కింటావిడ బిడ్డను చూడడానికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి తొంగిచూసింది.

"ఎంత బుద్ధిమంతురాలమ్మా, కిక్కురుమనకుండా పడుకుంది. మా వాళ్ళు ఇంటి పెంకులు లేపేవాళ్ళు" అని వెళ్ళిపోయింది.

అమ్మ ముఖం నల్లబడింది. రేపు తొమ్మిదో రోజనగా ఈ మాట అనాలా అని గొణుక్కుంటూ పోయి, గుప్పెడు ఎండు మిరపకాయలూ రాళ్ళ ఉప్పూ తెచ్చింది. ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ నాకూ బిడ్డకూ చుట్టూ తిప్పి, కుంపట్లో వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. వెచ్చదనం పోకూడదని ఆమె తొందర.

మా వైపు మిరపకాయ సంగతి తెలిసిందే. ఒక్కటి నిప్పులో పడితే ఇల్లంతా దగ్గుతుంది. అయితే దిష్టి తగిలిన మనిషి ముందు మాత్రం ఎన్ని కాయలు కాల్చినా ఘాటు రాదనీ, ఆ ఘాటంతా దిష్టే మింగేస్తుందనీ నమ్మకం. అందుకే అమ్మ తలుపు అవతల నిలబడి చెవి ఒగ్గి వింటోంది. మేము దగ్గకపోతే దిష్టి పోయినట్టు.

మిరపకాయలు నల్లబడడం నేను చూశాను. పొగ లేచింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, గొంతులో గీరినట్టయింది, దగ్గు మాత్రం పైకి రాలేదు. చెయ్యి ఎత్తబోతే లేవలేదు. అప్పుడు నాకు అర్థమైంది, నాకేదో జరుగుతోందని. బిడ్డ వైపు తల తిప్పాలని చూశాను. తిరగలేదు. పక్కలో బిడ్డ వేడి తెలుస్తోంది గానీ, కదలిక తెలియడం లేదు. బయట నాన్న విల్లు మోత టంగు టంగుమని వినిపిస్తోంది. అది క్రమంగా దూరమవుతోంది, నాన్న విల్లు మీటుకుంటూ ఎటో నడిచి వెళ్ళిపోతున్నట్టు. దగ్గాలి, ఒక్కసారి దగ్గితే అమ్మ వస్తుంది అనుకున్నాను. అంత భయం నా జన్మలో మళ్ళీ పడలేదు. పిలవడానికి నోరూ, దగ్గడానికి ఊపిరీ లేకుండా, నా బిడ్డ ఉందో పోయిందో తెలియకుండా అలా పడి ఉన్నాను.

తలుపు అవతల అమ్మ మాట లీలగా వినపడింది.

"ఒక్క దగ్గూ లేదయ్యా. ఎంత దిష్టి తగిలిందో చూడు నా తల్లికి."

నాన్నకు దగ్గు వచ్చింది. దూది ధూళి పీల్చి పీల్చి ఆయన గుండెకు అది అలవాటే. కానీ తలుపు సందులోంచి వచ్చిన ఆ కాస్త ఘాటుకే దగ్గు ఆగలేదు.

"ఏమే, ఇంత దూరాన కూర్చున్న నాకే వస్తుంది గదా దగ్గు. లోపల వాళ్ళకి రాదా?"

"దిష్టి ఉంటే ఘాటు రాదయ్యా."

"దిష్టి ఉంటే నాక్కూడా రాకూడదు గదే."

విల్లు మోత ఆగింది. తరవాత నాకు గుర్తున్నది తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడూ, కళ్ళలో పడిన తెల్లటి వెలుగూ. పురిటి గదని చూడకుండా నాన్న లోపలికి వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. రెండో చేత్తో నా జబ్బ పట్టుకుని, నేను మంచం మీద నుంచి కింద పడినా ఆగకుండా, గడప మీదుగా వాకిట్లోకి ఈడ్చాడు.

బయట ఇంకా మంచు వీడలేదు. ఆ మంచులో నాన్న బిడ్డ మీద గుడ్డలన్నీ తీసి, రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు.

"బిడ్డకి గాలి తగిలిద్ది, లోపలికి తియ్యవయ్యా" అని అమ్మ ఆయన చేతుల్లోంచి లాక్కోబోయింది. "ఒకణ్ణి పోగొట్టుకుంది చాలదా?"

నాన్న ఆమెకు అందనివ్వలేదు. బిడ్డ తల ఒక పక్కకు వేలాడుతోంది. ఆయన అరికాళ్ళ మీద కొట్టాడు, ముఖం మీద ఊదాడు, మళ్ళీ కొట్టాడు. నేను మట్టిలో పడి, కక్కుకుంటూ, ఆ చిన్న కాళ్ళ వంకే చూస్తున్నాను. కదలలేదు. అమ్మ గుంజడం మానేసింది. ఆమెకూ తెలిసిపోయింది.

అప్పుడు బిడ్డ దగ్గింది. పిల్లి తుమ్మినంత చప్పుడు. మళ్ళీ దగ్గి, ముఖం ముడిచి, సన్నగా ఏడుపు అందుకుంది. దగ్గు వినపడకూడదని కాసేపటి కిందట చెవి ఒగ్గి నిలబడిన అమ్మ, దగ్గింది, దగ్గింది అంటూ వాకిట్లో చతికిలబడి నెత్తి కొట్టుకుంది.

మధ్యాహ్నం పేట నుంచి వచ్చిన కాంపౌండరు గది చూసి నాన్నను తిట్టాడు. పొగ కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి మనిషి లేచిపోతాడు, మూసిన గదిలో పొగ లేని నిప్పే నిద్రలో ప్రాణం తీస్తుంది, గాలి పోయే దారి ఉంచాలి అన్నాడు. అతను వెళ్ళాక నాన్న నిచ్చెన వేసుకుని, తను కుక్కిన దూదంతా తనే పీకాడు. ఆ రాత్రి కుంపటి మళ్ళీ గడప బయటికి వెళ్ళింది. ఇటుకలు కాచి, గుడ్డ చుట్టి, కాళ్ళకు తగలనంత దూరంలో పెట్టారు. పీకిన దూదిని నాన్న మర్నాడు మట్టి దులిపి మళ్ళీ ఏకి, బిడ్డకు చిన్న బొంత కుట్టాడు. దానికి మిరపకాయ వాసన ఎన్నాళ్ళకూ పోలేదు.

తొమ్మిదో రోజు గడిచింది. చలీ తగ్గింది. నా భయం మాత్రం తగ్గలేదు. బిడ్డ హాయిగా నిద్రపోతే చాలు, ఉందో లేదోనని లేచి కూర్చునేదాన్ని. దాని కుడి మడమ మెల్లగా గిల్లేదాన్ని. ఏడిస్తేనే నేను ఊపిరి తీసుకునేదాన్ని. ఒకసారి అమ్మ చూసి కసిరింది.

"పడుకున్న పిల్లని లేపుతావేందే, పిచ్చిదానా?"

నేను సిగ్గుపడి సరేనన్నాను గానీ మానలేదు. అమ్మ లేనప్పుడు గిల్లేదాన్ని.

ఒకరోజు నీళ్ళు పోయడానికి అమ్మ కాళ్ళు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంది. నేను పక్కన చెంబు పట్టుకుని ఉన్నాను. బిడ్డ కుడి మడమ ఎర్రగా కందిపోయి ఉంది. దొరికిపోయాననుకున్నాను. చూస్తే ఎడమ మడమ కూడా అలాగే కంది ఉంది. ఆ కాలిని నేనెప్పుడూ గిల్లలేదు. అమ్మ వంక చూశాను. ఆమె తల ఎత్తకుండా, చెంబు ఇటివ్వు అంది.