మాస్టారి చెయ్యి

పల్లె బడిలో అయిదో తరగతి దాకా చదివి పలకకు దండం పెట్టేసిన మనిషి, కారు నేర్పడంలో మాత్రం ఆ చుట్టుపక్కలందరికీ గురువయ్యారు. ఫైరింజను డ్రైవరు చేత మొదట స్టీరింగు పట్టించింది ఆయనే. పెద్దాసుపత్రి డాక్టరమ్మకూ, బస్సు డిపోలో సగంమందికీ క్లచ్చు వదలడం నేర్పిందీ ఆయనే. ఇన్నేళ్ళ సర్వీసులో తన కారు మీద గీత పడలేదని కనపడినవాళ్ళకల్లా చెప్పేవారు. కనపడనివాళ్ళను పిలిచి మరీ చెప్పేవారు. అందరికీ ఆయన మాస్టారే.

ఆయన మొదటి పాఠం ఒకటే. ఆగేముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కిందికీ పైకీ ఊపాలి. దీపాల్ని నమ్ముకోకూడదు.

"మీ చెయ్యి చూసి వీధంతా ఆగుతుంది గానీ, మీ నోరే ఎవరు చెప్పినా ఆగదు" అని భార్య ఆటపట్టించేది.

ఆ రోజు జోరున వాన. మాస్టారు కిటికీ అద్దం పూర్తిగా ఎత్తుకుని వెళుతున్నారు. పిల్లల్ని దించేసిన స్కూలు వ్యాను ఆయన వెనకే వస్తోంది. నడుపుతున్నది ఆయన శిష్యురాలే. సందులోంచి సైకిలొకటి అడ్డంగా దూసుకొచ్చింది. మాస్టారు బ్రేకు తొక్కారు. అలవాటుకొద్దీ బయటికెళ్ళబోయిన చెయ్యి అద్దానికి ఠపీమని కొట్టుకుంది. అబ్బా అనేలోగా వెనక నుంచి వ్యాను ధనామని గుద్దింది.

దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారుకి మాత్రం వెనక ఎడమ మూల నుజ్జయింది.

మర్నాడు మెకానిక్ షెడ్డుకి బీమా కంపెనీ ఆయన వచ్చాడు. వ్యాను ఓనరు అప్పటికే వ్యాను నడిపిన అమ్మాయి మీద నిప్పులు చెరుగుతున్నాడు.

"తప్పంతా నీదని తేలిందో, తాళం అక్కడ పెట్టి ఇంటికెళ్ళిపో!"

అమ్మాయి తల దించుకుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వ్యాను తాళంతోనే అని మాస్టారికి తెలుసు.

"వెనక నుంచి గుద్దారుగా, ఇంక చూసేదేముంది?" అన్నాడు బీమా ఆయన.

అయినా తన పాఠానికే తలవంపులు తెచ్చిందని మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "నేను నేర్పిన పిల్లండీ! ఎర్రదీపం చూసి ఆగకపోవడమే? కుడివైపు దీపం బాగానే ఉందిగా, వెనక్కెళ్ళి నిలబడండి. బ్రేకు తొక్కుతాను, ఎంత బాగా కనపడుతుందో మీరే చూద్దురుగాని."

తొక్కారు.

"తొక్కండి మాస్టారూ."

"తొక్కే ఉన్నానయ్యా!"

వెలగలేదు. మెకానిక్ దీపం మీది అద్దం విప్పాడు. బల్బు మాడి నల్లబడి ఉంది, దాని కింద తుప్పు. "ఇది నిన్న పోయింది కాదు మాస్టారూ" అన్నాడు మెల్లగా.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అమ్మాయి వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"రెండు దీపాలూ వెలగవని ఎప్పట్నుంచో తెలుసు మాస్టారూ. మీ చెయ్యి చూసే ఆగేదాన్ని. నిన్న చెయ్యి రాలేదు. నేనూ మరీ దగ్గరగా వచ్చాను లెండి."

"మరి చెప్పలేదేమే?"

"మీకే చెప్పేంతదాన్నా?"

బీమా ఆయన తేల్చేశాడు. "ఎడం లేకుండా రావడం ఆవిడ తప్పు, దీపం లేకుండా తిరగడం మీ తప్పు. చెరిసగం." ఓనరు కాసేపు గొణిగి, "ఇకనైనా కాస్త దూరంగా నడుపు తల్లీ" అని తాళం అమ్మాయి చేతిలోనే పెట్టాడు.

ఆ అమ్మాయి వంగి తన కాళ్ళకు దండం పెట్టబోతే మాస్టారు పట్టి లేపారు. "నేనే నీకు పెట్టాలి. ఉద్యోగం పోయేలా ఉన్నా గురువు పరువు తియ్యలేదు. కానీ అమ్మాయ్, ఈసారి దీపం పోతే మాత్రం నా పరువు తీసెయ్."

ఇప్పుడు పొద్దున్నే స్కూలుకి వెళుతూ ఆమె మాస్టారి ఇంటి ముందు వ్యాను ఆపుతుంది, కారుకి బోలెడంత ఎడంగా. ఆయన కారెక్కి బ్రేకు తొక్కుతారు.

"వెలిగింది మాస్టారూ! రెండూ!"

కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చి ఊగుతుంది. తను సాధించిన వాటిలో ఈమధ్య మాస్టారు ముందుగా చెప్పుకునేది ఈ శిష్యురాలి గురించే. కారు మీద పడిన గీత సంగతి ఆ తర్వాత చెబుతారు, అదీ ఎవరైనా అడిగితేనే.