ఒంటిరెక్క విమానం

మా చిన్నప్పుడు... "విమానమంటే ఆకాశంలో చప్పుడే, చూసి చెయ్యూపడమే" అని నా మనవరాలు శిరీష మొన్న ఈ బ్లాగులో రాసింది. అది కూడా నేనే చెప్పానని రాసింది. సవరించక తప్పదు. చెయ్యూపిన మాట నిజమే. కానీ మా ఇంట్లోనే ఒక విమానం ఉండేది. ఒక రెక్కే ఉండేది, ఒక చక్రమే ఉండేది... అయినా విమానమే.

వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున మాది చేపల వేటకెళ్ళే ఇల్లు. పలాసలో ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళుతూ సామాన్లు అమ్మేస్తుంటే మా చిన్నాన్న కొనుక్కొచ్చాడు. గోనెసంచిలో చుట్టిన చెక్క విమానం... దాంతోపాటు ఒక రేకు పెట్టె. పెట్టెకి పొడవాటి ఏరియల్, మధ్యలో చిన్న పుల్ల. ఆ పుల్ల కదిపితే ఎక్కడో గాలిలో ఉన్న విమానం మాట వింటుందట. మా ఇంట్లో పక్కన కూర్చున్న మనిషే వినడు.

అమ్మ వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఇదేటి మరిదీ, ఈ ఆముదం కంపు? ఇమానానికి తలంటినారేటి?"

"దాని తిండే అదొదినా. కిరసనాయిలు, ఆముదం, ఈథరు కలిపి తాగుద్దట."

"తాగీదేదో సెప్పి తాగుతంది. నీకంటే నయం."

అది ఏ విమానమో ఎవరికీ తెలియదు. పేరున్నచోట కాగితం చిరిగిపోయింది. చిన్నాన్న దాన్ని టెక్కలి మోసుకెళ్ళి సైన్సు మాస్టారికి చూపించాడు. ఆయన పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, రెక్క వీపు మీద ఉండడం, కొస కాస్త పైకి లేచి ఉండడం చూసి... నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన రకమని తేల్చారు. పేరు మాత్రం దొరకలేదు. పెట్టె మాట వినేది ఒక్క తోకేనట. పుల్ల ఎడమకి తోస్తే విమానం ఎడమకి, కుడికి తోస్తే కుడికి. నూనె అయిపోతే అదే దిగుతుంది. మాకు లేనివేమిటో కూడా అప్పుడే తెలిసింది... ఎడమ రెక్క, ఒక చక్రం, తోకని లాగే తీగ.

ఆ వేసవంతా నాకు కాలు నిలవలేదు. బడులు తెరిస్తే నన్ను టెక్కలి హాస్టల్లో వేస్తారు. ఆలోగా అది ఎగరాలి. "పెట్టె ముందు నీ సేతికే ఇత్తానే అమ్మీ" అని చిన్నాన్న మాటిచ్చాడు. ఆ ఒక్క మాట మీద నాచేత ఎంత చాకిరీ చేయించాడో!

ఉన్న రెక్కని అద్దంలో చూస్తూ లేని రెక్క బొమ్మ గీశాను. వెదురు చీరి పుల్లలు కట్టాను, గాలిపటం కాగితం అంటించాను. జీడిచెట్టు బంక వేళ్ళని వదలక అన్నం తిననిచ్చేది కాదు. పాత టైరు చెప్పు కోస్తే చక్రమైంది, సైకిల్ స్పోకు తోక తీగైంది. ఈథరు కోసం ఆసుపత్రి కాంపౌండరు చుట్టూ తిరగడంలోనే సగం సెలవులు కరిగిపోయాయి. కూర్చుంటే లేవాలి, లేస్తే ఆ ఇంజను పంకా ఒకసారి తిప్పి చూడాలి... అమ్మ నాకు 'కాలుగాలిన పిల్లి' అని పేరు పెట్టింది.

హాస్టలుకి వెళ్ళేముందు రోజు ఇంజను అందుకుంది.

ఊరంతా ఇసుకలోకి వచ్చింది. విమానాన్ని గాలికి ఎదురుగా వదలాలి. మా ఊళ్ళో ఆ వేళకి గాలి సముద్రం మీంచే. అంటే ముక్కు నీళ్ళవైపు... లేచాక ఎడమకి తిప్పి ఒడ్డుకి తెచ్చుకోవాలి. నేను పెట్టె కోసం చెయ్యి చాపాను.

పక్కింటి తాత పకపకా నవ్వాడు. "ఏరా, ఆడపిల్ల సేతికిత్తావేటిరా? పడవే ముట్టనివ్వం, ఇమానం ఇత్తాడట!"

మా వైపు ఆడవాళ్ళు వేటపడవ ఎక్కరు, చుక్కాని తాకరు. చిన్నాన్న నా మొహం చూడలేదు.

"నువ్వు ఇసిరీయే అమ్మీ. పెట్టె నాను సూసుకుంతాను."

పక్కనే నిలబడి విసిరాను. ఎగిరింది! ఆముదం పొగ వదులుతూ అలల మీదికి పోయింది... ఎడమకి తిరగాల్సింది కాస్తా కుడికి ఒరిగింది.

"తిప్పరా! నీలల్లో పడిపోతంది!" తాత అరిచాడు.

"తిప్పతన్నాను! ఇనట్లేదు!"

నేను చిన్నాన్న చేతివైపు చూశాను. పుల్లని కుడికే నొక్కేస్తున్నాడు. పడవలో చుక్కాని పిడి కుడికి తోస్తేనే పడవ ఎడమకి తిరుగుతుంది. మాస్టారు చెప్పింది అతని తలలో ఉంది. చేతిలో మాత్రం సముద్రమే ఉంది. నా చేతికి ఏ చుక్కానీ తెలియదు... ముట్టనిస్తే కదా!

పెట్టె లాక్కుని పుల్ల ఎడమకి తోశాను.

ముందు ఏమీ కాలేదు. తరువాత ఎడమ రెక్క, నేను కట్టిన రెక్క, మెల్లగా వంగింది. విమానం పెద్ద వంపు తిరిగి మా తలల మీంచి ఊరివైపు వచ్చింది. నూనె అయిపోయి చప్పుడు ఆగింది. గాలిలో జారుకుంటూ పోయి సరుగుడు తోటలో చిక్కుకుంది. జనమంతా అటు పరిగెత్తారు. నేను పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"మల్లీ సెలవులకి రాయే. నీకే ఇత్తాను" అన్నాడు చిన్నాన్న.

దసరా సెలవులకి వచ్చేసరికి విమానం, పెట్టె రెండూ ఎవరికో ఇచ్చేశాడు. అడిగితే "రెక్క ఇరిగిపోనాది కదే" అన్నాడు. నేను కట్టింది విరగలేదు. ఆఫీసరుది విరిగింది.

ఇప్పుడు శిరీష కూడా ఎవరో వాడి వదిలేసిన విమానం కొంది. పంకా లేదు, తోక తీగ లేదు. ఫోనుకి ఫొటో చూపిస్తే చాలు, పేరు, రకం, ఏ ముక్క ఎక్కడ దొరుకుతుందో అదే చెప్పేసింది. వారం తిరక్కుండా ముక్కలు గుమ్మంలోకి వచ్చాయి. సంతోషం. కానీ పేరైనా తెలియని వస్తువు కోసం ఒక వేసవంతా వేగిపోవడం... అది ఏ పార్సిల్లో వస్తుంది?

మీ ఇంటికీ సగమే వచ్చి, మిగతా సగం మీరే కట్టుకున్న వస్తువేదైనా ఉంటే కింద రాయండి. పూర్తిగా కొన్నవాటి కబుర్లు నాకొద్దు.

శిరీషా, నీకు వేరే పని. ఆదివారం నీ విమానం, దాని పెట్టె పట్టుకుని వచ్చేటప్పుడు పలాస స్టేషన్ రోడ్డులో పెన్సిల్ సెల్లులు నాలుగు తీసుకో. టీవీ రిమోట్‌లోవి పీక్కొచ్చే వేషాలు వద్దు, కొత్తవి కొను. పూండిలో దిగి ఆటో ఎక్కు. రాగానే సెల్లులు పెట్టెలో వేసి నా చేతికివ్వు. నువ్వు విమానం పట్టుకుని ఇసుకలో పరిగెత్తి విసురు... మోకాళ్ళు నీవి బాగున్నాయి.