ఎదురు బాల్కనీ కెమిస్ట్రీ

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదలైన వారానికే నాకు ఆటలమ్మ పోసింది. అప్పట్లో మేం కొత్తపేటలో, మెయిన్ రోడ్డుకి రెండు సందుల వెనక, ఒక ఇంటి మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. అమ్మ నన్ను ముందు గదిలోకి మార్చింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో అన్నీ అడిగి రాసుకుంది. వాటిలో ఒకటి, ఒంటి మీద అమ్మవారు ఉన్నన్నాళ్లూ అక్షరం చూడకూడదని, చూస్తే కళ్లు పాడవుతాయని. దాంతో నా పుస్తకాలు అటకెక్కాయి. ఫోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. చైతన్యపురిలో ఉన్న మా కాలేజీలో కెమిస్ట్రీ సారు రోజుకి ఐదు రియాక్షన్లు ఇచ్చేవారు. మర్నాడు పొద్దున్నకల్లా నోట్‌బుక్ ఆయన బల్ల మీద ఉండాలి. మనిషి రాకపోయినా పుస్తకం రావాలి. అమ్మ రెండు రోజులు ఆలోచించి, ఎదురింటి అమ్మాయిని సందులో ఆపి మాట్లాడింది.

ఆ అమ్మాయిది మా క్లాసే, నా వెనక రెండు బెంచీల అవతల కూర్చునేది. నల్లగొండ దగ్గర ఒక పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. వాళ్ల నాన్న టైల్స్ పరిచే మేస్త్రీ, నాగోల్‌లో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో పని దొరకడంతో అందరూ ఇక్కడికి వచ్చేశారు. క్లాసులో సారు ఏదైనా అడిగితే లేచి నిలబడేది, నవ్వేది, కూర్చునేది. ఒకే సందులో ఆర్నెల్లు నడిచినా మా మధ్య ఆ నవ్వే తప్ప మాట లేదు. తనకి పాఠం అర్థం కావడం లేదని నేను అనుకునేదాన్ని. దాచుకోవడం దేనికి, చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం అన్న గర్వం నాకు కాస్త ఉండేది.

ఏర్పాటు ఏమిటంటే, సాయంత్రం ఐదింటికి తను ఎదురింటి మొదటి అంతస్తు బాల్కనీలోకి వస్తుంది. ప్రశ్న చదువుతుంది. నేను మా బాల్కనీలో కుర్చీ వేసుకుని జవాబు చెబుతాను. నా పేరున్న కొత్త నోట్‌బుక్‌లో తను రాసి, మర్నాడు సారుకి ఇస్తుంది. వినడానికీ మాట్లాడడానికీ అమ్మవారికి అభ్యంతరం లేదని అమ్మమ్మ తేల్చి చెప్పింది.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మూడో రోజు ప్రశ్నలన్నీ ఈథేన్, ఈథీన్, ఈథైన్ అనే మూడు గ్యాసుల మీద వచ్చాయి. కాగితం మీద మూడూ వేరు. కానీ సందుకి అటొకరు ఇటొకరు నిలబడి అరుచుకుంటే, కింద ఆటోలు, వెనక ఎల్‌బీ నగర్ వైపు పోయే బస్సుల హారన్లు, ఆ గోలలో మూడూ ఒకటే. తను ఈథీన్ అంటే నేను ఈథైన్ అనుకున్నాను. రెండు బ్రోమిన్లు చేరాల్సిన చోట నాలుగు చేర్చి, మొత్తం ఐదింటికీ తడుముకోకుండా చెప్పేశాను. తను తలూపుతూ రాసుకుంది.

మర్నాడు ఐదయింది, ఆరయింది, తను రాలేదు. ఆ మర్నాడు వచ్చింది గానీ, వచ్చీ రాగానే ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. నిన్న ఎందుకు రాలేదని అడిగితే పనుందంది. నేను వదల్లేదు. చివరికి తల వంచుకునే చెప్పింది.

"సారు నిలబెట్టిండు. ఇద్దరివీ ఒక్కతీరు తప్పున్నయి, ఎవరిది చూసి ఎవరు రాసిన్రన్నడు."

"నీవి కూడా తప్పెలా అయ్యాయి?"

"నేను ముందు వేరే రాసుకున్న. నువ్వు చెప్పినంక అవి కొట్టేసి నీవే రాసిన. నువ్వు తప్పు చెప్పవనుకున్న."

క్లాసంతా చూస్తుండగా పీరియడ్ అయ్యేదాకా నిలబడిందట. నా పేరు మాత్రం ఎత్తలేదట. కొట్టేసిన జవాబులు ఏమిటో చదవమన్నాను. చదివింది. ఐదూ సరిగ్గా ఉన్నాయి. అలా అయితే నేను విన్నది ఏమిటని మొదటి ప్రశ్న మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది, నాకు మళ్లీ ఈథైన్ అనే వినిపించింది. తను సందులో ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు కిందికి చూసి, మొహమాటంగా అంది.

"గదే, ద్విబంధం ఉన్నది."

ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అయినా చప్పున అర్థమైంది. రెండు బంధాలు, అంటే డబుల్ బాండ్. మూడుంటే ఏమంటారని అడిగాను. త్రిబంధమంది. ఒకటైతే ఏకబంధం. ఎంత అరిచినా, ఎన్ని బస్సులు పోయినా ఒకదానితో ఒకటి కలిసిపోని మాటలు. క్లాసులో ఈ మాటలు నోట్లోంచి జారతాయేమోనన్న భయంతోనే తను మాట్లాడేది కాదని నాకు ఆ తర్వాత తెలిసింది. కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి జారితే వెనక బెంచీవాళ్లు నవ్వారట.

ఆ రోజు నుంచి మా హోంవర్క్ తెలుగులో నడిచింది. నాకు అన్‌శాచురేటెడ్ అనే మాట బట్టీ వచ్చు గానీ, దాని వెనక ఏముందో తెలియదు. తను దాన్ని అసంతృప్తం అంది.

"తృప్తి లేనిదన్నట్టు. దానికి ఇంకా చెయ్యి ఖాళీ ఉన్నది. బ్రోమిన్ కనవడ్డదంటే పట్టుకుంటది. ఈథేన్‌కు తృప్తి ఉన్నది, అది పట్టుకోదు."

కింద ఇస్త్రీ బండి దగ్గర నిలబడిన అవ్వ ఇదంతా విని, పెట్టె పక్కన పెట్టి తలెత్తింది. "ఎవరికే బిడ్డా తృప్తి లేనిది?" అని అడిగింది. ఒక గ్యాసుకని ఇద్దరం కలిసి చెప్పాం. గ్యాసుకి కూడా ఉండదా అని అవ్వ మళ్లీ పనిలో పడింది.

నేర్పడం ఒకవైపే సాగలేదు. పరీక్ష రాయాల్సింది ఇంగ్లీషులో కదా. తను తెలుగులో చెప్పిన ప్రతిదానికీ నేను ఇంగ్లీషు మాట చెప్పి, అక్షరం అక్షరం స్పెల్లింగ్ విడదీసేదాన్ని. తను రాసుకుని తిరిగి చదివేది. పలకడం తప్పితే నేను నవ్వేదాన్ని కాదు. ఆ పాటికి నవ్వే మొహం నాకు లేదు.

రెండు వారాలకి అమ్మ వేపాకు వేసిన నీళ్లతో తలస్నానం చేయించి, నన్ను కాలేజీకి పంపింది. మొదటి రోజే లేచి నిలబడి, ఆ తప్పు నాదని, తన జవాబులు ముందు సరిగ్గానే ఉన్నాయని సారుకి చెప్పాను. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలవి. సారు పుస్తకంలోంచి తలెత్తకుండానే, అయిపోయిన అసైన్‌మెంట్ గురించి ఇప్పుడెందుకమ్మా కూర్చో అన్నారు. ఇంటికి నడిచి వస్తుంటే తను నాతో మాట్లాడలేదు. సందు మలుపు దగ్గర మాత్రం ఆగి, "ఎందుకు చెప్పినవే? అందరూ నా దిక్కే చూసిన్రు," అంది. మంచి చేశాననుకున్న నా మొహం చిన్నబోయింది.

ఆ ఆదివారం అమ్మ డబ్బాలో గారెలు పెట్టి, వాళ్లింట్లో ఇచ్చి రమ్మంది. ఎదురింటి మెట్లెక్కి తలుపు కొట్టాను. తెరిచినావిడ ఇంటి ఓనరు. వాళ్లుండేది ఇక్కడ కాదని, కింద వెనకవైపు పోర్షన్‌లో అని చెప్పింది. బాల్కనీ వాళ్లది కాదా అని అడిగాను. కాదంది. మీ అమ్మ చెప్పిన రోజే ఈ పిల్ల వచ్చి, సాయంత్రం ఒక గంట నిలబడనియ్యమని అడిగిందని, ఊరికే ఎందుకని తనే కుండీలకి నీళ్లు పోసి పోయేదని చెప్పింది. చదువు అయ్యాక తను మొక్కలకి నీళ్లు పోస్తుంటే చాలాసార్లు చూశాను. మొక్కలంటే ఇష్టం కాబోలు అనుకున్నాను.

వెనక పోర్షన్ అంటే ఒక గది, ఒక వంటగట్టు. వాళ్లమ్మ కింద కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. తను నన్ను చూసి కంగారుపడి, మంచం మీద బట్టలు పక్కకి నెట్టి చోటు చేసింది. నా మీద కోపం పోయిందో లేదో తెలియలేదు. ఆ ద్విబంధం ఉన్న పుస్తకం చూపించమన్నాను. గూట్లోంచి పదో తరగతి సైన్స్ పుస్తకం తీసింది, అట్ట ఊడిపోతే పాత క్యాలెండర్ కాగితం వేసి కుట్టుకున్నది. కార్బన్ పాఠం తెరిచి నా చేతికిచ్చింది.

చదవడం మొదలుపెట్టాను. మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్నదాన్ని, తెలుగు పేజీ గట్టిగా చదివి ఎన్నాళ్లయిందో. రెండో వాక్యానికే ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయాను. తను నా పక్కకి జరిగి కూర్చుని, ఆ మాట కింద వేలు పెట్టి, నిదానంగా విడదీసి పలికింది. నేను తన వెనకే అన్నాను.