అత్త గొంతున్న డిస్కు

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక కంప్యూటరు ముందు కూర్చుని, "సార్, ఈ డిఫ్రాగ్ అనేది దేనికి? నొక్కొచ్చా?" అని అడిగింది. ఇప్పటి డిస్కుల్లో తిరిగే పళ్ళెం లేదు, కదిలే ముల్లు లేదు, కాబట్టి ఆ పనితో అవసరమూ లేదు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. నేను ఇరవై నిమిషాలు చెప్పాను. తెర మీద ఎర్ర గీతలు నీలం గీతలుగా మారడం, లోపల ముల్లు గింజలు గీరినట్టు చేసే చప్పుడు, పని సగంలో కరెంటు పోతే ఏమవుతుంది, అన్నీ వరసగా. ఆ అమ్మాయి మర్యాదగా తలూపింది. సాయంత్రం ఊరికి పోయే మారికుప్పం రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక, ఆమెకు చెప్పనివి రెండున్నాయని గుర్తొచ్చింది. నేను అవన్నీ నేర్చుకున్న ఆ పాత డిస్కు ఎవరిది, అందులో ఏముండేది.

అది మా మామది, అంటే మా అమ్మ తమ్ముడిది. మా ఊరి బంగారు గనులు మూతపడిన ఏడెనిమిదేళ్ళకు ఆండర్సన్‌పేటలో రేకుల కప్పున్న ఒక గదిలో ఆయన రికార్డింగు స్టూడియో పెట్టాడు. గోడలకు కంబళ్ళు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు, మిగతా రోజులు తెలుగు, తమిళ, కన్నడ సంఘాలకు పాటల సీడీలు చేసిపెట్టేవాడు. కంప్యూటరులో మూడు డిస్కులు. మొదటిదాంట్లో ప్రోగ్రాములు, మూడోదాంట్లో రికార్డింగులు. అసలైనది రెండోది. వయొలిన్, వీణ, తబలా, చర్చి ఆర్గన్, ఒక్కొక్క వాయిద్యంలో ఒక్కొక్క స్వరం ఒక్కొక్క ఫైలుగా అందులో ఉండేవి. కీ నొక్కితే డిస్కు ఆ ఫైలును వెతికి పట్టుకొచ్చి వినిపించాలి. ఫైలు ముక్కలై డిస్కంతా చెదిరిపోతే ముల్లు అక్కడికీ ఇక్కడికీ పరుగెత్తలేక స్వరం మధ్యలో టక్కుమని తెగుతుంది. ఆ ముక్కలను ఒకచోటికి చేర్చడమే డిఫ్రాగ్. డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న నాకు మామ ఆ పని అప్పగించాడు. నేను ఒక అట్ట మీద నియమాలు రాసి గోడకు అంటించాను. ఆదివారం ఆరాధన జరిగేటప్పుడే డిఫ్రాగ్. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టరాదు. పని నడుస్తుండగా ఎవరూ ఏ కీ ముట్టరాదు. చేసిన ప్రతి పనికీ తేదీ, టైము పుస్తకంలో రాయాలి. నెలకొకసారి మూత విప్పి బ్రష్షుతో దుమ్ము తీయాలి. ఆషాఢం గాలికి గనులు వదిలిపోయిన సైనైడ్ మట్టి దిబ్బల మీది బూడిదరంగు పొడి లేచి ఊళ్ళో అన్నం మీద కూడా పడుతుంది, కాబట్టి ఆ నెలల్లో వారానికొకసారి. మామ ఆ అట్ట చూసి, "ఏమప్పా, గనిలో మీ తాతకి కూడా ఇన్ని రూల్సు లేకపాయె" అన్నాడు.

మామ భార్యను నేను అత్త అంటాను. చర్చి గాయక బృందంలో ఆరుగురు ఆడవాళ్ళలో ఆమెది కింది స్థాయి గొంతు. అందరిలోకీ ఆమె గొంతు ముందు వినబడదు, కానీ ఆమె ఆపేస్తే పాట కింద నేల లేనట్టు ఉంటుంది. ఒక వానాకాలంలో మామ ఆమె గొంతును కూడా రెండో డిస్కులోని స్వరాల లైబ్రరీకి ఎక్కించాలనుకున్నాడు. ఇరవై ఐదు స్వరాలు. ఒక్కొక్కటి 'ఆ' అని, 'ఊ' అని, పెదవులు మూసి 'మ్' అని. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మొత్తం నూట యాభై. రేకుల మీద చినుకు పడితే ఆపాలి, బయట ఆటో హారను కొడితే మళ్ళీ మొదలు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మైకు ముందు నిలబడి 'ఆ' అనేది. ఇదంతా అయ్యాక ఆమె పేరుతో ఒక సీడీ చేస్తానని మామ మాటిచ్చాడు. నూట యాభై ఫైళ్ళను కత్తిరించి, శుభ్రంచేసి, పేర్లు పెట్టి, డిస్కు మొదట్లో పక్కపక్కనే పేర్చింది నేను. అంత చక్కటి ఫోల్డరు ఆ డిస్కులో ఇంకొకటి లేదు. దానికి మామ పెట్టిన పేరు 'లేడీ-టూ'.

"వన్ ఎవురు?" అని అత్త అడిగింది.

"ఎవురో తెల్లామె. సీడీలో వచ్చింది. నీకన్నా శ్రుతి బాగుండాది, ఊపిరే తక్కువ" అన్నాడు మామ.

సీడీ రాలేదు. మట్టల ఆదివారానికి ఇంకా నెలన్నర ఉందనగా, బృందంలోని మిగతా ఐదుగురు ఆడవాళ్ళు శుభశుక్రవారం పాటల ప్రాక్టీసు ఎప్పుడని అడగడానికి స్టూడియోకు వచ్చారు. వాళ్ళలో పెద్దామె ఆస్పత్రిలో ఆయా. నలభై ఏళ్ళుగా పాడుతున్న మనిషి. మామ కుర్చీలోంచి లేవలేదు. "ప్రాక్టీసు యాడిదమ్మా ఇంగ. మీరంతా ఈడే ఉండారు" అని కంప్యూటరు పెట్టె మీద తట్టి, నాలుగు కీలు ఒక్కసారి నొక్కాడు. ఆ రేకుల గదిలో ఒక పెద్ద బృందం 'ఆ' అని లేచింది. "ఆరుగురు పాడితే ఒకామె దగ్గుతుంది, ఒకామె శ్రుతి తప్పుతుంది, ఒకామెకి ముళబాగిల్లో పెండ్లి ఉంటాది. దీనికేం లేదు" అన్నాడు. నేను నవ్వాను. నిజంగా నవ్వొచ్చింది.

ఆయామె మాత్రం తల వంచి వింది. ఇంకోసారి నొక్కమంది. మళ్ళీ విని, టీ పళ్ళెంతో గడపలో నిలబడిన అత్త వైపు తిరిగింది. "ఇది నీ గొంతు కదమ్మా" అంది. "నీ ఒక్కదాని గొంతుతో మా ఐదుగురి నోళ్ళు మూసేసినావు. మొగుడు అడిగితే అన్నం పెడతారు, సరే. మమ్మల్ని కూడా ఎత్తి పెడతారా?" అని టీ ముట్టకుండా వెళ్ళిపోయింది. వెనకే మిగతా నలుగురూ. మామ ఒక గ్లాసు తీసుకుని, "చల్లారిపోతాది, తాగప్పా" అన్నాడు నాతో.

ఆ వచ్చే ఆదివారం డిఫ్రాగ్ నడుస్తుండగా అత్త స్టూడియోకు వచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆరాధనకు పోలేదు. నాకు కాఫీ ఇచ్చి, పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చుంది. అప్పుడు అడిగింది. "నాది అంతా తీసెయ్యప్పా. వాళ్ళు నాతో మాట్లాడేది మానేసినారు. కొళాయి కాడ నేను పోతే బిందెలెత్తుకుని పోతా ఉండారు. మీ మామని అడిగితే కొడతాడు. నీకైతే తెలుస్తాది ఎట్లా తీసేది."

ఆమెకు కావలసింది అంతే. తన గొంతు తన నోట్లో మాత్రమే ఉండాలి. నేను మనసులో కారణాలు పేర్చుకున్నాను. డిస్కు నాది కాదు. మూడు నెలల పని. నూట యాభై ఫైళ్ళలో ఒక్కటీ చెడింది లేదు. ఇవన్నీ ఆమెతో అనొచ్చు. అనకుండా, ఆమె చూస్తుండగా ఫోల్డరును ఇంకో రెండు ఫోల్డర్ల లోపలికి జరిపి, కనబడకుండా దాచే గుర్తు పెట్టి, "అయిపోయిందత్తా" అన్నాను. తెర మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

"ఇంగ రాదా?"

"రాదు."

"ఎవురూ తేలేరా?"

"ఎవరి వల్లా కాదు."

ఆమె ఆ మధ్యాహ్నమే ఆయామె ఇంటికి వెళ్ళి, బైబిలు మీద చెయ్యి పెట్టి, తన గొంతు తీసేశారని చెప్పింది. మరుసటి వారం కొళాయి దగ్గర ఎవరూ బిందెలెత్తుకుని పోలేదు. మామకు పెద్ద సీడీ పని ఒకటి వచ్చిపడి, ఆ నెలంతా లేడీ-టూ అవసరమే రాలేదు. ఆడవాళ్ళు మాత్రం ఆయామె ఇంట్లో మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టారు. సాయంత్రాలు అత్త పాడుకుంటూ ఇంటికి రావడం నేను రెండుసార్లు విన్నాను.

శుభశుక్రవారానికి నాలుగు రోజుల ముందు మామ వెతుక్కున్నాడు. "అల్లుడా, లేడీ-టూ యాడ పాయె?" తీసిచ్చాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎందుకు దాచావంటే, అత్త అడిగిందని చెప్పాను. అదీ చెప్పాను. మామ పడిపడి నవ్వాడు. "దానికి గొంతిచ్చింది దేవుడు, ఫైలిచ్చింది నేను. దేవుణ్ణి అడగమను." ఆ నాలుగు రోజుల్లో అత్త నాకు రెండు పూటలు భోజనం పెట్టింది. నేను ఏమీ చెప్పలేదు.

శుభశుక్రవారం ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా. కంప్యూటరును పొద్దున్నే గుడికి మోసుకెళ్ళి కీబోర్డుకు కలిపాం. సిలువ మీది ఏడు మాటల్లో నాలుగోదానికి ప్రసంగం అయ్యాక ఆరుగురూ తెల్లచీరల్లో లేచి నిలబడ్డారు. వాళ్ళు ఊపిరి తీసుకునేలోపే మామ కీలు నొక్కాడు. రెండు స్పీకరు పెట్టెల్లోంచి అత్త గొంతు, ఒకటి పదింతలై, గుడంతా నిండింది. అత్త నోరు మూసే ఉంది. ఐదుగురు ఆడవాళ్ళూ ఆమె నోటి వైపే చూశారు. వెనక ఎవరో చిన్నపిల్లలు నవ్వారు. మామ సైగ చేస్తే నేను శబ్దం ఇంకొంచెం పెంచాను.

బయట వేపచెట్టు కింద ఆయామె గొంతు తగ్గించకుండానే అంది. "బైబులు ముట్టి చెప్తివే. ఆ చేత్తోనే ఇంగ ప్రభువు రొట్టె తీసుకుంటావా?" అత్త నా పేరు చెప్పి ఉంటే సరిపోయేది. నేను ఆరడుగుల దూరంలో వైర్లు చుడుతున్నాను. ఆమె చెప్పలేదు.

ఇంటికొచ్చాక నన్ను ఒక్కటే అడిగింది. "నువ్వు తీసేటప్పుడు నేను చూస్తానే ఉంటిని కదప్పా. మరి నేను చూసింది ఏంది?" నేను ఫోల్డరు దాచడం అంటే ఏమిటో, చెరపడానికీ కనబడకుండా చేయడానికీ తేడా ఏమిటో వివరించాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా వింది. "బాగా చదువుకున్నావు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె వెనక బెంచీలో కూర్చునేది. పాటల్లో పెదవులు కూడా కదిపేది కాదు. రెండో డిస్కు ఆ ఏడాది చివరి వానల్లో టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. అది చావుకు ముందు చప్పుడని నాకు తెలుసు. అలాంటి డిస్కును డిఫ్రాగ్ చేయకూడదు, ముందు అన్నీ వేరే చోటికి ఎత్తుకోవాలి. వయొలిన్ ఎత్తాను, తబలా ఎత్తాను, తెల్లామెను కూడా ఎత్తాను. లేడీ-టూను వదిలేసి డిఫ్రాగ్ నొక్కాను. మూడు గంటలకు డిస్కు ఆగిపోయింది. మామ బల్ల గుద్ది, మళ్ళీ పాడమని అత్తను పిలిచాడు. "నాకు రాదు" అంది. రెండు దెబ్బలు కొట్టాడు. అప్పుడూ అదే మాట. చివరికి క్రిస్మసు పాటలకు ఆడవాళ్ళనే బతిమాలి పిలిపించాడు. అత్త తమ పక్కన నిలబడకుంటే వస్తామని వాళ్ళు ఒక షరతు పెట్టారు. మామ ఒప్పుకున్నాడు.

వాళ్ళు ప్రాక్టీసుకు వచ్చిన రోజు వంటింట్లో అత్త ఐదు గ్లాసుల్లో టీ పోస్తోంది. నేను గడపలో నిలబడి, "అత్తా, ఈసారి నిజంగానే పోయింది. నేనే పోగొట్టినాను" అన్నాను.

"ఎప్పుడు?"

"పోయిన బుధవారం."

"టైము రాసుకున్నావా?"

రాసుకున్నాను. ఆ మాటే చెప్పాను. "అయితే సరే" అని పళ్ళెం ఎత్తుకుని స్టూడియో వైపు నడిచింది. అక్కడ ఐదుగురూ పాడుతున్నారు. పాట కింద నేల లేదు. తలుపు దగ్గర ఆమె ఆగి, చరణం అయిపోయేదాకా పళ్ళెం పట్టుకుని నిలబడి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళింది.

ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తుంటాను. కాఫీ ఇస్తుంది, ఉద్యోగం గురించి అడుగుతుంది, గొంతులో ఏ కోపమూ ఉండదు. ఏళ్ళు గడిస్తే ఏదైనా అరుగుతుందని పెద్దలు అంటారు. మా ఇద్దరి మధ్య గడిచిన ఏళ్ళు దేన్నీ అరగదీయలేదు. ఆమె పాడని ఏళ్ళుగా, ఒకదాని తర్వాత ఒకటి, ఊరికే చేరుతున్నాయి.