సావిత్రి రాసిన టెస్టిమోనియల్

2008. అరకులో డిగ్రీ కాలేజీకి వెళ్ళే దారిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. నాలుగు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, వాన పడితే చచ్చిపోయే టెలిఫోన్ లైను. డిగ్రీ చదివి కొండెక్కి కొట్టు పెట్టుకుందని మా విజయనగరం చుట్టాలు నవ్వేవారు. నవ్వనీ, నా కరెంటు బిల్లు వాళ్ళేం కట్టలేదు.

గిరిజన బాలికల హాస్టల్‌కి ఆదివారం ఔటింగ్. సిస్టమ్‌కి ముగ్గురేసి కూర్చునేవారు. వార్డెన్‌కి చెప్పేది ప్రాజెక్టు వర్కని, తెరిచేది మాత్రం అప్పట్లో కాలేజీ పిల్లలంతా పడి చచ్చిన ఒక స్నేహితుల సైటు. అందులో స్క్రాప్ అంటే పేజీ మీద రాసే కబురు, అందరికీ కనబడుతుంది. టెస్టిమోనియల్ అంటే స్నేహితురాలి గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపడం. అందుకున్న పిల్ల యాక్సెప్ట్ నొక్కేదాకా ఇంకెవరికీ కనబడదు.

వారానికోసారి వచ్చే పిల్లలు పాస్‌వర్డ్‌లు మరిచిపోయేవారు. అందుకని అందరివీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టాను. అదొక సేవ అనుకునేదాన్ని.

చిలకమ్మది అనంతగిరి వైపు ఊరు, సెకండియర్. సీతంపేటలో తనతో ఇంటర్ చదివిన సావిత్రి ఇప్పుడు విశాఖలో ఏదో ప్రైవేటు కాలేజీలో ఉంది. ఇద్దరి దగ్గరా ఫోన్లు లేవు. వాళ్ళకున్నది ఆ పేజీ ఒక్కటే.

ఒక ఆదివారం హాస్టల్ వంటావిడ సెల్ నుంచి చిలకమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నాకు జొరం, రాలేను. సావిత్రి ఏటైనా రాసిందేమో బేగి సూసి సెప్పవా? పాస్‌వర్డ్ నీ పుస్తకంలో ఉంది గదా."

మీ సావిత్రి కలెక్టరేం కాలేదు, వచ్చే వారం చూసుకో అని కసిరాను. బతిమాలింది. పని మధ్యలో తెరిచాను. టెస్టిమోనియల్ ఒకటి వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, బారెడు. మొదటి రెండు వరుసలూ పొగడ్తలే. యాక్సెప్ట్ నొక్కి మూసేశాను.

సాయంత్రం మళ్ళీ నా సెల్‌కి ఫోన్ చేసింది. నిన్ను తెగ పొగిడింది, యాక్సెప్ట్ కొట్టేశానని చెప్పాను.

"సివర దాకా సదివేవా అక్కా? మేం గుట్టు మాటలు అందులోనే రాసుకుంటాం. సదివేసి రిజెక్ట్ కొట్టేస్తాం."

సిస్టమ్ దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే వాన, లైను పోయింది. రెండు రోజులు రాలేదు.

వచ్చాక చదివాను. "ఇక్కడ మా నాన్న టీచరని చెప్పాను. కొండ మనిషినని తెలిస్తే వీళ్ళు నా పక్కన కూర్చోరు. మా అయ్య సంతలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముతాడని నీకొక్కదానికే తెలుసు." చివరి వరుస: "ఇది యాక్సెప్ట్ చెయ్యకు." వెంటనే తీసేశాను. కానీ సావిత్రి క్లాసు పిల్లలు నలుగురు ఆ సైటులో చిలకమ్మకీ ఫ్రెండ్సే. పేజీలన్నీ వెతుక్కుంటూ తిరగడమే వాళ్ళ కాలక్షేపం. సావిత్రి పేజీలో స్క్రాప్‌లు బారులు తీరాయి. ఒకడు రాశాడు: "టీచరు గారమ్మాయీ, మా అక్క పెళ్ళికి విస్తళ్ళు తెస్తావా?"

ఆ వారంలోనే సావిత్రి పేజీ మాయమైంది. సావిత్రి కాలేజీకి చిలకమ్మ రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. పరీక్షల ముందు తెలిసింది, సావిత్రి చదువు మానేసి కురుపాం దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళిపోయిందని.

అబద్ధమాడింది కాబట్టే అలా అయిందన్నారు మావారు. పక్కన కూర్చోని వాళ్ళని వదిలేసి ఆ పిల్లని అంటారేమిటని పెద్ద గొడవ పెట్టుకున్నాను. గొడవలో నేనే గెలిచాను. గెలిచాక గుర్తొచ్చింది, ప్రతి ఆదివారం టైమైపోగానే "కొండ గుంటల్లారా, లేవండి" అని కేకేసేది నేనే.

చిలకమ్మ తిట్టలేదు. "నిన్నేటనను అక్కా. పాస్‌వర్డ్ ఇచ్చింది నానే గదా" అంది. తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళకి జవాబు చెప్పడం నాకు వచ్చు. డిగ్రీ అయ్యేదాకా ఆ పిల్ల ప్రతి ఆదివారం సైటులో సావిత్రి పేరు కొట్టి వెతికేది. రాకపోతే నా వైపు తిరిగి, "ఇంకోపాలి కొట్టనా అక్కా?" అనేది. కొట్టమనేదాన్ని.

ఆ నోటు పుస్తకం పిల్లలందరి ముందూ చింపేశాను. ఇప్పుడా సైటు లేదు, నాది ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు. చివరి బటన్ దగ్గరికి రాగానే మౌస్ ఎదుటివాళ్ళ చేతికిస్తాను. మొత్తం చదివి మీరే నొక్కండి అంటాను. వెనక లైనులో వాళ్ళు విసుక్కుంటారు, చాదస్తం అంటారు. వాళ్ళతో రోజూ వాదిస్తాను.

దానివల్ల సావిత్రికి ఏం ఒరిగింది అని మాత్రం ఎవరూ అడగలేదు.