ఎర్ర గీతలు వద్దన్న చోట

కావాలనే ఒక తప్పు రాశాను. బ్రాకెట్ తెరిచి, మూయకుండా వదిలేశాను. స్క్రీన్ మీద ఏమీ మారలేదు. ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. నాకు భయమేసింది అప్పుడే.

నిరుడు మిర్చి సీజన్ మధ్యలో సంగతి ఇది. గుంటూరు దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో జరిగింది. మా వైపు వాటిని ఏసీలంటారు. ఎండబెట్టిన మిర్చిని టిక్కీలకెత్తి, అంటే బస్తాలకెత్తి, ధర వచ్చేదాకా రైతులు అక్కడ దాచుకుంటారు. నేను పనిచేసే చిన్న కంపెనీ ఆ ఏసీలకు ప్రోగ్రాములు రాస్తుంది. గదుల చల్లదనం చూసుకునేది ఒకటి, అమ్మోనియా లీకైతే సైరన్ మోగించేది ఇంకొకటి. ఆ గదుల్ని చల్లబరిచేది అమ్మోనియా గ్యాసే. అది బయటికొస్తే కళ్ళూ ఊపిరీ మండిపోతాయి. మోతాదు మించితే మనిషి దక్కడు.

ప్రోగ్రాములు రాసే చోటుని ఎడిటర్ అంటాం. మేం టైప్ చేస్తుండగానే అందులో లింటర్ అనే పనిముట్టు ప్రతి వరుసనీ చదువుతూ ఉంటుంది. బ్రాకెట్ మూయకపోయినా, కోలన్ మర్చిపోయినా ఆ వరుస కింద ఎర్రగా గీత పెడుతుంది. ఇలాంటి తప్పుకి సింటాక్స్ ఎర్రర్ అని పేరు. మేం వాడే భాషలో అలాంటిది ఒక్కటున్నా ప్రోగ్రాం అసలు మొదలే కాదు.

ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు ఒక తప్పు రాసి, లింటర్ మెలకువగా ఉందో లేదో చూడటం నా అలవాటు. ఇంట్లోనూ అంతే. గ్యాస్ నాబ్ తిప్పేశాక కూడా మళ్ళీ వెళ్ళి ముట్టుకుని చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

ఆ రోజు మధ్యాహ్నం ఆ ఏసీ చూడటానికి బయటినుంచి పెద్ద కొనుగోలుదార్లు వస్తున్నారు. ఈలోపు కంప్యూటర్లన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి చెప్పడం నా పని. లింటర్ ఎవరు ఆపారని మా టీమ్ లీడ్ ప్రసాద్ గారిని అడిగాను. తనే ఆపానన్నారు. ఆ వారం సైరన్ ప్రోగ్రాంలో ఆయన చిన్న మార్పు చేస్తుంటే ఓనరు సాంబశివరావు గారు వెనక నిలబడి చూశారట. స్క్రీన్ మీద ఈ ఎరుపేంటి, వచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు, తీసెయ్యమన్నారట. ఈయన తీసేశారు. తప్పుని కాదు, గీతల్ని.

నేను లింటర్ మళ్ళీ ఆన్ చేశాను. సైరన్ ప్రోగ్రాంలో ఒక వరుస కింద ఎర్ర గీత వచ్చింది. మూయని బ్రాకెట్. కావాలని రాసింది కాదు, నాది అసలే కాదు.

అప్పుడే సాంబశివరావు గారు లోపలికొచ్చారు.

"ఏమ్మా, మళ్ళీ ఎరుపు తెచ్చావే?"

"నేను తేలేదండి. ముందునుంచీ ఉంది. మీకు కనపడకుండా చేశారంతే."

ఆయన పక్క స్క్రీన్ చూపించారు. అందులో సైరన్ ప్రోగ్రాం పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. "నడుస్తోందిగా?"

నడుస్తున్నది మార్చకముందు మొదలుపెట్టిన పాత ప్రోగ్రాం అని చెప్పాను. కరెంటు పోయి కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచినప్పుడు కొత్తది చదువుతుంది. అప్పుడది లేవదు. యూపీఎస్ బ్యాటరీ పాడైందని పొద్దున్నే వాచ్‌మన్ చెప్పాడు. జనరేటర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోతుంది. మా వైపు ఎండాకాలంలో కరెంటు పోకుండా ఉండేదెప్పుడు?

ప్రసాద్ గారు నా కుర్చీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "శిరీషా, బ్రాకెట్ పెట్టెయ్. లింటర్ ఆపెయ్. బాగుందని చెప్పి బయల్దేరు. నడుస్తున్నదాన్ని కదపకు."

మా పనిలో అందరూ చెప్పేమాటే అది. కానీ నా కళ్ళు కిటికీ బయట ఉన్నాయి. అమ్మోనియా మిషన్లుండే గది వెనక, పైపుల మీంచి నీళ్ళు కారే చోట, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు అక్కడే కూర్చుంటారు. వాళ్ళ మేస్త్రి మరియమ్మ తన మనవరాలికి చీరతో ఉయ్యాల కట్టింది కూడా అక్కడే. పొద్దున లోపలికొస్తూ, గ్యాస్ మిషన్ పక్కన పిల్లని పడుకోబెట్టారేంటని అడిగాను. ఆవిడ కాయ మీంచి చూపు తిప్పకుండానే, "ఎండలో వెయ్యమంటావా? ఏసీ మీకేనా, మాకొద్దా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ ఉయ్యాలలో పిల్ల మా చిన్నోడి కంటే చిన్నది.

నేను లేచాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టి, సైరన్ మోగించి చూస్తే తప్ప బాగుందని చెప్పనన్నాను. కొనుగోలుదార్లు వచ్చే వేళకి సైరన్ మోగితే తన పరువేం కావాలని ఓనరు గారు అడిగారు. నేను బయటికెళ్ళి, సైరన్ పనిచెయ్యని ఆ కాసేపు అందరూ ముందు షెడ్డులోకి రావాలని మరియమ్మతో చెప్పాను. గొణుక్కుంటూనే ఆవిడ ఉయ్యాల విప్పింది, పిల్లని భుజానేసుకుంది.

బ్రాకెట్ పెట్టకుండానే కంప్యూటర్ ఆపాను. మళ్ళీ లేచింది. చల్లదనం చూసే ప్రోగ్రాం వచ్చింది. సైరన్ ప్రోగ్రాం రాలేదు. పచ్చ చుక్క ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని ఓనరు గారూ ప్రసాద్ గారూ చూశారు. అప్పుడు బ్రాకెట్ పెట్టాను, మళ్ళీ మొదలుపెట్టాను, సైరన్ నొక్కాను.

ఆ మోతకి షెడ్డు మీది పావురాలన్నీ లేచాయి. గేట్లోకి వస్తున్న కొనుగోలుదార్ల కారు అక్కడే ఆగిపోయింది. సాంబశివరావు గారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన కంటే ముందు మరియమ్మ నా దగ్గరకొచ్చింది.

"ఇన్నేళ్ళూ ఈ మోత వినలేదమ్మా. ఇది మోగితే మేం ఎటు పోవాలి?"

ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదట. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, గాలి ఎటు వీస్తుందో చూసి, గ్యాస్ వచ్చే దారికి పక్కగా తప్పుకుని దూరం వెళ్ళిపోవాలని చెప్పాను. ఉయ్యాల ఇంకెప్పుడూ అక్కడ కట్టొద్దన్నాను. ఆవిడ మిగతావాళ్ళవైపు తిరిగి, నా మాటల్నే నాకంటే పెద్ద గొంతుతో చెప్పింది.

ఆ అమ్మాయిని మళ్ళీ పంపొద్దని ఓనరు గారు అన్నారని తిరుగు దారిలో కారులో ప్రసాద్ గారు చెప్పారు. "నీకు భయమెక్కువ శిరీషా. ఇంట్లో కూర్చుని కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకోవాల్సినదానివి," అన్నారు.

"భయం ఉందండి. అందుకే మోగింది," అన్నాను.

ఆ సాయంత్రమే మా ఆఫీసులో ఒక ఏర్పాటు చేశాను. సింటాక్స్ ఎర్రర్ ఉన్న ఫైల్ ఇక ఏ ఏసీ కంప్యూటర్‌లోకీ ఎక్కదు, లింటర్ ఎవరు ఆపినా సరే. అది తీసెయ్యమని ప్రసాద్ గారు ఆఫీసులో ఒకసారి, ఆ రాత్రి ఫోన్లో ఒకసారి చెప్పారు. తియ్యలేదు. నన్ను ఉంచుతారో లేదో అప్పటికి తెలీదు. ఇప్పటికీ ఉన్నాను, ఆ ఏసీకి మాత్రం పంపరు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా ఒకసారి లేచి నాబ్ చూసొచ్చాను. ఆ అలవాటుకి సిగ్గుపడటం మానేశాను. పచ్చ చుక్క వెలుగుతోందంటే ఇప్పటిదాకా నడిచిందనే అర్థం. రేపు లేస్తుందో లేదో అది చెప్పదు. తప్పు చూపించేదాన్ని ఆపెయ్యమన్నవాళ్ళెవరూ ఆ మిషన్ గది గోడ పక్కన కూర్చునేవాళ్ళు కారు.

సైరన్ మోగించిన మర్నాడు పొద్దున మా పాపకి జడ వేస్తుంటే, రాత్రి నేను ఫోన్లో ఎవరితో అంత గట్టిగా మాట్లాడానని అడిగింది. చిన్నోడు కూడా పాలగ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇద్దర్నీ స్టవ్ దగ్గరికి తీసుకెళ్ళి నాబ్ చూపించాను.

"గ్యాస్ వాసన వచ్చిందనుకోండి. దేన్నీ ముట్టుకోకుండా బయటికి పరిగెత్తి అరవండి. ఇంట్లో చుట్టాలున్నా సరే, నాన్న ఫోన్లో ఉన్నా సరే, నేను నోరుముయ్యమన్నా సరే. తర్వాత ఎవరైనా తిడితే, మా అమ్మే అరవమందని చెప్పండి."