పప్పు దగ్గర కూర్చున్నవాళ్ళు

బీజీ పోయిందని ఆవిడ కొడుకు పోయిన నెలలో ఒక ఉదయం మా గుమ్మంలోకి వచ్చి చెప్పాడు. పంజాబ్ నుంచి టెలిగ్రాం వచ్చిందట. నేను డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. మా ఆయన లోపలి గదిలోంచి వచ్చి, ఆ కబురు విని, గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా మామగారు పోయినప్పుడు కూడా ఈ మనిషి ఇంతగా ఏడవలేదు. నాకూ దుఃఖం వచ్చింది. దాంతోపాటు, మీ దగ్గర దాపరికమెందుకు, కాస్త ఒళ్ళు కూడా మండింది.

బీజీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఈ అరబ్బు దేశంలో, సీబ్‌లో మా పక్క ఇల్లే. కొడుకు రోడ్లు వేసే కంపెనీలో ఫోర్‌మన్. మాది బాపట్ల వైపు. నేను ఆసుపత్రిలో నర్సును, మా ఆయన అక్కడే ల్యాబులో పని చేస్తాడు. బీజీ రాకముందు, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం అంటే మా ఇల్లే. పొద్దున మా హాల్లో తెలుగువాళ్ళ ప్రార్థన జరిగేది. అది ముగిసే వేళకు సైట్ల నుంచి కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు, ప్రార్థనకు కాదు, నా పప్పుచారుకు. వాళ్ళందరికీ నేను అక్కను. ఎవరికి పులుపు కావాలో, ఎవరికి అడుగు మాడిన అన్నం ఇష్టమో నాకు తెలుసు. వారమంతా వార్డులో అందరి మాటా పడే నేను ఆ ఒక్క పూట రాణిని. ఆ పూటను బీజీ పట్టుకుపోయింది.

వాళ్ళింటి ముందు గదిలో వాళ్ళ పవిత్ర గ్రంథం ఉండేది. శుక్రవారం పొద్దున చదువుకుని, పాడుకుని, తరవాత పెరట్లో టార్పాలిన్ కింద చాపలు పరిచి వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టేవాళ్ళు. దాన్ని లంగర్ అంటారు. నువ్వెవరు, నీ మతమేమిటి, ఎందుకొచ్చావు అని ఎవరూ అడగరు. చెప్పులు విప్పి, తలకు రుమాలు కట్టుకుని, వరసలో నేల మీద కూర్చుంటే చాలు. వండేవాళ్ళకు, వడ్డించేవాళ్ళకు, అంట్లు తోమేవాళ్ళకు జీతం లేదు. ఎవరికి తోచిన పని వాళ్ళు అందుకుంటారు.

ఒక శుక్రవారం నా పప్పుచారు గిన్నె నిండా అలాగే ఉండిపోయింది. సాయంత్రం మా గేటు ముందు నుంచి వెళ్తున్న కుర్రాణ్ణి ఆపి, "ఏరా, అన్నానికి రాలేదేం?" అని అడిగాను.

"ఆడ తిన్నం అక్కా. కడుపు నిండింది."

"ఏం పెట్టిందేమిటి ఆవిడ?"

"పప్పు, రొట్టె."

"అంతేనా?"

"అంతే. గని ఆడ కూసుంటె మంచిగనిపిస్తది అక్కా. మా సైట్ ఇంజినీరు నా పక్కనే కూసున్నడు. రేపు డ్యూటీల మళ్ళ తిడ్తడు గని, ఇయ్యాల నాకు నీళ్ళు పోసిండు."

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. పుల్లకూరయినా నేను సర్దుకునేదాన్ని. అది పొట్టు తియ్యని మినుములతో చేసిన ఉత్త పప్పు.

కుర్రాళ్ళు పోతే పోయారు, మా ఆయన కూడా పోయాడు. పెళ్ళయిన దగ్గర నుంచి తాగిన గ్లాసు ఎత్తి పెట్టి ఎరగని మనిషి. ఒకసారి మేడ మీద బట్టలు ఆరేస్తూ వాళ్ళ పెరట్లోకి చూశాను. పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, ఇసకతో డేగిశాలు తోముతున్నాడు. తోముతూ ఈల కూడా వేస్తున్నాడు.

ఇంటికి రాగానే అడిగాను. "ఏమండీ, అలాంటి గిన్నెలు మనింట్లోనూ ఉన్నాయి."

"అక్కడ తోమితే సేవ అంటారే. ఇక్కడ తోమితే పెళ్ళాం తోమిస్తోందంటారు" అన్నాడు. పైగా, "బీజీ ఒక్క మాటైనా అడగదు. ఊరికే పీచు చేతికిస్తుంది" అని మెచ్చుకోలు. అప్పటికి నేను అడగడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు లేదు.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. మా సంఘంలో క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి ప్రేమవిందు పెట్టుకోవడం ఆనవాయితీ. దాన్ని నెలకొకసారి చేద్దామన్నాను. ఆవిడలాగే చాపలు పరిచాను. సంఘ పెద్దగారు కొత్త బిగుతు ప్యాంటుతో కూర్చోలేక కుర్చీ అడిగారు. ఆయనకు కుర్చీ వేస్తే వాళ్ళావిడకు వెయ్యాల్సి వచ్చింది. ఆవిడకు వేస్తే మిగతా పెద్దలకు వెయ్యాల్సి వచ్చింది. చివరికి చాపల మీద మిగిలింది కరీంనగర్ కుర్రాళ్ళిద్దరే. వాళ్ళు మొహాలు చూసుకుని, త్వరగా తినేసి, గోడ దాటి అటు వెళ్ళారు. బీజీ పంక్తిలోనూ ఒకాయన కుర్చీ అడిగాడట. "మోకాలు నొప్పా, గౌరవం నొప్పా?" అని అడిగిందట. ఆయన నవ్వేసి కింద కూర్చున్నాడని మా ఆయన మురిసిపోతూ చెప్పాడు.

ఇక నా దగ్గర మిగిలిన అస్త్రం కోడిపులావు. బీజీ వాళ్ళు మాంసం తింటారని నాకు తెలుసు. బజారులో ఆవిడ మేక తొడ బేరమాడుతుంటే కళ్ళారా చూశాను. ఇంట్లో మాంసం తింటూ వచ్చినవాళ్ళకు పప్పు పెట్టడం పిసినారితనమనుకున్నాను. ఒక శుక్రవారం ప్రార్థన ఎగ్గొట్టి మరీ పెద్ద డేగిశాతో పులావు వండి, మా ఆయన చేత మోయించుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. నలుగురి ముందూ మూత తీశాను. వాసనకు వరసలో తలలు తిరిగాయి.

బీజీ మూత మళ్ళీ పెట్టేసి, డేగిశా లోపలికి పంపించింది. నా చెయ్యి పట్టుకుని పంక్తి చివర నిలబెట్టింది. "చూడు బేటీ. ఆ గుజరాతీ మాంసం ముట్టడు. పక్కనున్న పఠాను, కోసిన చెయ్యి ఎవరిదో తెలియకుండా తినడు. ఆ పక్కన మీ తెలుగువాడు, శుక్రవారం నీసు తినడట. వీళ్ళు నీ పులావు దగ్గర లేచిపోతారు. నా పప్పు దగ్గర కూర్చుంటారు. అంతే. నాకు వంట రాక కాదు."

ఆ మాట నిజం కావడం నాకు ఇంకా మంట. సాయంత్రం నా డేగిశా తోమి, అందులో బెల్లం ముక్క వేసి పంపింది. పులావు బాగుందని, ఉప్పు ఒక్క చిటికెడు తగ్గిందని కబురు కూడా పంపింది. ఉప్పు నిజంగానే తగ్గింది.

ఆ తరవాత నేనూ అప్పుడప్పుడు వడ్డనకు వెళ్ళాను. మా ఆయన్ని కనిపెట్టి ఉండొచ్చు కదా. అక్కడే ఆవిడ అలవాటొకటి గమనించాను. వడ్డించేటప్పుడు తినేవాడి మొహం చూసేది కాదు, పళ్ళెం మాత్రమే చూసేది. అడిగితే, "మొహం చూస్తే మెప్పు అడిగినట్టు" అంది. నేను మొహమే చూస్తాను. మొహం చూడకపోతే ఇంకా పులుసు కావాలో వద్దో ఎలా తెలుస్తుంది?

పోయిన చలికాలం, ఊరికి వెళ్ళిపోయే ముందు వారం, మధ్యాహ్నం పూట బీజీ మా వంటింట్లోకి వచ్చి కింద కూర్చుంది. "ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంది. ఇన్నాళ్ళలో ఆవిడ కూర్చుని తినడం నేను చూడలేదు.

"ఏం తింటారు బీజీ?" అన్నాను.

"ఈ మాట నన్నెవరూ అడగరు. నేనూ ఎవర్నీ అడగను. లంగర్‌లో అందరికీ ఒకటే. మీ కుర్రాళ్ళు నా పంక్తిలో కూర్చుని, మా అక్కయితే పులుపు కావాలా అని అడిగేదని చెప్పుకుంటారు. వింటే నాకు మండుతుంది, తెలుసా?"

నా ప్రాణం లేచొచ్చింది. ఎండు గోంగూరతో పప్పు చేశాను, మిరపకాయలు వేయించాను. ముక్కు కారుతుంటే చున్నీతో తుడుచుకుంటూ, అన్నం ముద్దలు చెయ్యడం రాక మెతుకులు ఒళ్ళో పోసుకుంటూ తింది. తిని, గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని నా చెవిలో చెప్పింది. "నా చేతి వంటకంటే నీదే బాగుంది. ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ ఒక్క మాట ఒళ్ళో పెట్టుకుని ఇన్ని నెలలూ రాణిలాగే తిరిగాను.

టెలిగ్రాం వచ్చిన తరవాతి శుక్రవారం ఆవిడ పేరు మీద కొడుకు పెద్ద లంగర్ పెట్టాడు. ఆడవాళ్ళం నలుగురం పిండి కలపడానికి కూర్చున్నాం. ఉండబట్టలేక, "వెళ్ళేముందు బీజీ మా ఇంటికి వచ్చి అడిగి మరీ తింది" అన్నాను.

"మా ఇంటికీ వచ్చింది. చేపల కూర అడిగింది" అంది మలయాళీ నర్సు. చేపల కూర పెట్టానన్న గర్వం ఆమె మొహం నిండా ఉంది.

"మా ఇంట్లో కడీ, మా శనగపిండి పులుసు" అంది సింధీ ఆవిడ. నాలుగో ఆవిడ గోవా మనిషి. పిండి వైపు చూస్తూ, "మా ఇంటికి కూడా" అంది.

తిన్నాక మీ చెవిలో కూడా ఏమైనా చెప్పిందా అని అడగాలని మాట నోటి దాకా వచ్చింది. చెప్పిందంటే నాకేం మిగులుతుంది? మింగేశాను. తలెత్తి చూస్తే, వాళ్ళు ముగ్గురూ ఏదో అడగబోయి ఆగినట్టు నా నోటి వంకే చూస్తున్నారు. ఎవరూ అడగలేదు. బయట పంక్తి కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తుంటే, మోచేతుల దాకా పిండితో, నలుగురం తలలు వంచుకుని ఎవరి ముద్ద వాళ్ళం పిసుకుతూ ఉండిపోయాం.